మందు లేని తూటా

డెబ్భైల చివరలో, నా చిన్నప్పుడు, మేము టెక్సస్‌లో ఒక చిన్న ఊళ్లో ఉండేవాళ్లం. నాన్న అక్కడి ఆసుపత్రిలో డాక్టర్. నవంబర్ వస్తే ఊళ్లో సగంమంది జింకల వేటకి వెళ్లేవారు. తోటి డాక్టర్లతో కలిసి వెళ్లడానికి నాన్న కూడా ఒక రైఫిల్ కొన్నారు. దాని తూటా నా చూపుడువేలి కంటే పొడుగ్గా ఉండేది.

మొదటి ఏడాది ఆయన కాల్చిన జింక పడలేదు. గడ్డి మీది నెత్తురు చుక్కల వెంట పొద్దుగూకేదాకా వెతికినా దొరకలేదట. ఇంటికొచ్చి అన్నం తినలేదు. "తూటాకి బలం చాల్లేదు," అన్నారు. వచ్చే ఏడాదికి ఇంకా పెద్దది కొంటానన్నారు.

మా పక్కింట్లో ఒక అమెరికన్ పెద్దావిడ ఉండేది. నేను ఆంటీ అనేదాన్ని. భర్త పోయాక కూడా ఏటా ఒక్కతే వేటకెళ్లి ఫ్రీజర్ నింపుకునేది. నాన్న అన్న ఈ మాట విని, మరుసటి వేసవిలో ఒక ఆదివారం నాన్ననీ నన్నూ తన పొలానికి తీసుకెళ్లింది. ట్రక్కు వెనక తలుపు దించి, దాని మీద రెండు తూటాలు నిలబెట్టింది. ఒకటి నాన్నది, ఒకటి తనది. ఆమెదాని మొన పెన్సిల్ కంటే సన్నం.

"జింకకి ఏది మంచిది?" అని నన్నడిగింది. నేను నాన్నదే చూపించాను. ఆమె అవుననలేదు, కాదనలేదు. నాన్న రైఫిల్ తీసుకుని, అటు తిరిగి తూటా పెట్టి ఆయనకిచ్చింది. నాన్న కాలిస్తే గుండు దూరంగా కట్టిన కాగితం అంచుకి తగిలింది. మళ్లీ అటు తిరిగి ఇంకోటి పెట్టి ఇచ్చింది. ఈసారి ట్రిగ్గర్ నొక్కితే టక్కుమంది, అంతే. పేలలేదు. కానీ గొట్టం బెత్తెడు కిందికి ఒరిగింది. నాన్న కళ్లు గట్టిగా మూసుకుని ఉన్నాయి.

"దీంట్లో మందు లేదు డాక్టర్," అంది ఆంటీ. "మీ తూటా బలం జింకకి చాలు. మీకే ఎక్కువైంది. పేలగానే రైఫిల్ వెనక్కి తన్నుతుందని మీ భుజం ముందే బెదిరిపోతోంది."

నాన్న రైఫిల్ దించి ట్రక్కు మీద పెట్టారు. ఆయన నా ముందు అలా దొరికిపోవడం నాకు ఇబ్బందిగా ఉండి, ట్రక్కు చక్రం కేసి చూస్తూ నిలబడ్డాను. ఆయన నా వైపు తిరిగి, "అయితే ఆ జింక విషయంలో తప్పు నాదేనమ్మా," అన్నారు.

తర్వాత రెండు నెలలు నాన్న ఆంటీ రైఫిల్‌తోనే కాల్చడం నేర్చుకున్నారు. నవంబర్‌లో, బాగా దగ్గరికి వచ్చేదాకా ఆగి, ఒక్క దెబ్బకి జింకను పడగొట్టారు. సగం మాంసం ఆంటీకిచ్చారు. మిగతాది అమ్మ మసాలా పెట్టి వండింది. ఆయన తిన్నారు గానీ దాని గురించి ఎవరికీ గొప్పగా చెప్పుకోలేదు.

నేను ముప్ఫై ఏళ్లుగా నర్సుగా పనిచేస్తున్నాను. పేషెంట్‌కి నరం దొరకనప్పుడు ఇంకో సూది తెమ్మని అడగబోతాను. అప్పుడు ఆగి, ముందు నా చెయ్యి చూసుకుంటాను. చాలాసార్లు అది వణుకుతూనే ఉంటుంది.