ఖాయ్ తోటలోని సమాధి

ప్రతి ఉదయం ఖాయ్ లేవగానే చేసే పని ఒకటుంది. గుమ్మం పక్కన నేల మీద కూర్చోబెట్టిన బొజ్జ భూదేవుడి ముందు చిన్న కప్పులో చిక్కటి కాఫీ పెట్టి, సిగరెట్టు వెలిగించి ఆయన మట్టిచేతిలో గుచ్చుతాడు. వియత్నాంలో మా బెన్‌ట్రె కొబ్బరితోటల్లో ఆ దేవుణ్ణి అందరం కొలుస్తాం. ఖాయ్ కొలవడు, బేరమాడతాడు. స్థలం అమ్ముడైతే పందివేపుడు. కాకపోతే దేవుడి మొహం గోడవైపు తిప్పేసి, "అట్లా చూస్తూ కూర్చో, బుద్ధొస్తుంది" అంటాడు. ఆయన్ను మళ్ళీ ఇటు తిప్పేది ఖాయ్ భార్య, అతను స్నానానికి వెళ్ళినప్పుడు.

స్థలాలు కొని అమ్మడమే అతని బతుకు. కొనేముందు అతని విచారణ చూడాలి. పట్టా చూస్తాడు. రోడ్డు ఎటు పడుతుందో ఆఫీసు గుమాస్తాకు బీరు పోయించి లాగుతాడు. ఎండాకాలంలో కాలువ నీళ్ళు పుక్కిలించి సముద్రపు ఉప్పెంత ఎక్కిందో తేలుస్తాడు. "తెలియనిదనేది నా దగ్గర ఉండదు" అని టీ బడ్డీలో చెప్పుకునేవాడు. తెలియనిది ఎదురైతే చెరిపేస్తాడని మాకు తర్వాత తెలిసింది.

మా వైపు పోయినవాళ్ళను ఇంటితోటలోనే ఉంచుకుంటాం. మా ఊళ్ళో థామ్ అక్క ఇంటి పక్క తోటలో ఎవరిదో తెలియని సమాధి, దాని మీద ఒక ఎర్రరాతి దిమ్మె ఉండేవి. ఆ సమాధి వల్లే తోటను ఎవరూ కొనలేదు. ఖాయ్ సొంత ఇల్లు బ్యాంకులో తాకట్టు పెట్టి సగం ధరకు కొన్నాడు. థామ్ అక్క తన భర్త సమాధి దగ్గర అగరొత్తులు వెలిగించినప్పుడల్లా కంచె సందులోంచి వెళ్ళి అక్కడా ఒకటి గుచ్చి వచ్చేది.

"వాడు నీకు మామా, బావా?" అన్నాడు ఖాయ్.

"ఎవరికో ఒకరికి అయ్యే ఉంటాడు కదా తమ్ముడూ."

ఆ సందును ముళ్ళతీగతో మూసేశాడు. తొలివానకు దిమ్మెను కాలువలోకి దొర్లించి, మట్టి చదును చేసి, తోటంతా పంపరపనస మొక్కలు నాటించాడు. "ఇప్పుడు కనిపెట్టమను ఎవడినైనా" అని నాతోనే అన్నాడు.

ధరలు పడిపోయాయి. రెండేళ్ళకు సైగాన్ నుంచి ఒకావిడ కొనడానికి వచ్చింది. బుద్ధిగల మనిషి, డబ్బు ఇచ్చేముందు పక్కింట్లో టీ తాగింది. థామ్ అక్క ఉడకబెట్టిన అరటిపండ్లు పెట్టింది, ఖాయ్ గురించి ఒక్క చెడ్డమాట అనలేదు. "ఆ తోటలో ఒకాయన పడుకుని ఉన్నాడు. ఆయన్ను కాస్త చూసుకో తల్లీ" అంది, అంతే.

"ఎముకలు తీయించి పగోడాలో పెట్టించండి. నా కళ్ళతో చూశాకే డబ్బు" అని ఆవిడ ఖాయ్‌తో చెప్పి వెళ్ళిపోయింది. నెలాఖరుకు డబ్బు కట్టకపోతే బ్యాంకు ఇల్లు తీసుకుంటుంది.

ఖాయ్ తవ్వాడు. ఎంత బాగా చదును చేశాడంటే, తనకే చోటు తెలియలేదు. పంది కుమ్మినట్టు తోటంతా గుంతలు, గుంతల నిండా వాననీళ్ళు. అతని భార్య బట్టలు సంచుల్లో సర్దడం మొదలుపెట్టింది. ఆమెను చూస్తే జాలేసింది. అతని మీద నాకు కోపం కూడా రాలేదు. కోప్పడాలన్నా అవతల కాస్త మనిషి కనబడాలి.

ఓ సాయంత్రం నేను థామ్ అక్క దగ్గర కొబ్బరి కోరుతుంటే మోకాళ్ళదాకా బురదతో వచ్చి నిలబడ్డాడు. అక్క ముందుగా టీ పోసింది.

"అక్కా, నువ్వు అగరొత్తి ఎక్కడ గుచ్చేదానివో చూపించవా?"

"చూపిస్తాను. టీ తాగు."

అక్క అగరొత్తుల కట్ట తీసుకుని వాకిట్లోకి నడవబోయింది. ఖాయ్ వీధివైపు చూసి గొంతు తగ్గించాడు.

"అటునుంచి వద్దక్కా, నలుగురూ చూస్తారు. ఆ ముళ్ళతీగ కిందనుంచి దూరి రావా."