దింపిన మూడు వరుసలు

మా మేనత్తను తోటలో అందరూ నిచ్చెనత్త అంటారు. తమలపాకు తోటలో ఇరవై ఆరేళ్లుగా నిచ్చెనెక్కి అవిసె చెట్లకు తీగలు కడుతోంది. ఆకు పసరుకి ఆమె బొటనవేలి గోరు నల్లబడిపోయింది. ఎంత తోమినా పోదు. అలాంటి మనిషిని మొన్న దొంగ అన్నారు.

తీగ చెట్టు కొసకు చేరాక దాన్ని దింపాలి. కింది ఆకులన్నీ కోసేసి, బోసి తీగను చుట్టగా చుట్టి మట్టిలో పూడ్చి, కొసను మాత్రం మళ్లీ చెట్టుకు కట్టాలి. పూడ్చిన కణుపులు కొత్త వేళ్లు వేస్తాయి. తోట బతికేది అలాగే.

పెద్దాయన పోయాక తోట ఆయన అల్లుడి చేతికొచ్చింది. అతను కొబ్బరి తోటల్లో పెరిగినవాడు. అక్కడ దింపడమంటే కాయలు కోయడమే.

"మూడు వరుసలు దింపేశాను బాబూ, నాలుగోది పట్టాను" అంది అత్త.

అతను వెళ్లి చూశాడు. చెట్లు బోసిగా ఉన్నాయి.

"దింపిన సరుకేదీ?"

"మట్టిలో ఉంది బాబూ."

"మట్టిలోనా? నా చెవిలో పువ్వు పెడుతున్నావా?"

ఆమె చెప్పబోతుంటే వినకుండా అన్నం క్యారేజీ లాక్కుని కుమ్మరించాడు. అన్నంతోపాటు నాలుగాకులు పడ్డాయి, తిన్నాక నములుకోవడానికి పెట్టుకున్నవి.

"దొంగముండా! ఇవేంటి?"

పన్నెండుమందిమి చూస్తున్నాం. ఆ ఆకు మా అందరి బుగ్గల్లోనూ ఉంది. ఒక్కడూ నోరు విప్పలేదు. నేనూ విప్పలేదు. సిగ్గులేని బతుకు!

కోసిన ఆకును ముందురోజే బజారులో దించి వచ్చిన బండాయన చివరికి సంగతంతా విప్పి చెప్పాడు.

"అలాగా. ముందే సరిగ్గా చెప్పొద్దూ? సర్లే, పని చూసుకోండి" అన్నాడు అల్లుడు.

అత్త కదల్లేదు. "పదిమందిలో దొంగన్నావు. కాదని పదిమందిలోనే చెప్పు నాయనా."

"ఏదో నోరు జారింది పెద్దమ్మా. దాన్నే పట్టుకు వేలాడకు."

"వేలాడ్డం తీగల పని, నాది కాదు" అంటూ ఖాళీ క్యారేజీ తీసుకుని గేటు దాటింది.

నాలుగో వరుస తీగలు నేలమీద పడున్నాయి. ఎండెక్కేలోగా పూడ్చాలి. అతను నావైపు తిరిగాడు.

"మీ అత్త నీకు నేర్పే ఉంటుందిగా. పూడ్చు."

"నాకు రాదండీ" అన్నాను. వచ్చు.

మిగతావాళ్లనూ అడిగాడు. ఈసారి అందరూ నోరు విప్పారు: "మాకూ రాదండీ."

అత్త ఇల్లు తోటకు నాలుగడుగుల దూరం. అతను వెళ్లలేదు. సాయంత్రానికి వరుసంతా వడలిపోయింది. ఒక్క మాట అనడంకన్నా అతనికి అదే చవకనిపించింది.