మా అత్తకు జరిగిన ఒకే ఒక పుట్టినరోజు

మా మేనత్త పోయింది. గురువారం మధ్యాహ్నం హొసకోటెలో నేను పనిచేసే స్కూలు ఆఫీసులో అడ్మిషన్ ఫారాలు సర్దుతుంటే ఫోన్ మోగింది. అత్త అద్దెకుండే ఇంటి ఓనరమ్మ. "మీ అత్త పోయిందమ్మా. ఆసుపత్రిలోనే. అర్ధగంటయింది. నువ్వు బిర్న రా" అంది. సరేనన్నాను. చేతిలో ఉన్న ఫారాలన్నీ సర్ది, బీరువాలో పెట్టి, తాళం వేసి లేచాను. ఏడుపు రాలేదు. ఆ సంగతి దాచిపెట్టి ఆమె గురించి మంచి మాటలు మాత్రమే రాయడం నాకు చేతకాదు. చదివేవాళ్లు ఓర్చుకోవాలి.

నేను పలమనేరులో పెరిగాను. పదో తరగతి అయ్యాక చదువు సాగలేదు. తొంభైల మధ్యలో ఒక రోజు అత్త వచ్చి నన్ను వెంటబెట్టుకుని బెంగళూరు తీసుకొచ్చింది. మహదేవపురలో ఒకే గది, బయట కుళాయి. అక్కడికి నడిచి వెళ్లేంత దూరంలో ఎగుమతి చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీ. అత్త అందులో లైన్ సూపర్‌వైజర్. నలభై మిషన్లు ఆమె కింద ఉండేవి. నన్నూ అదే లైన్లో కూర్చోబెట్టింది. మొదటి రోజు నాతో చెప్పింది ఒక్కటే: "ఇంట్లో అత్తని. ఈడ మేడమ్‌ని. మరిచిపోవద్దమ్మే."

మామ లారీ డ్రైవర్. ఎప్పుడో పుణె వైపు వెళ్లి అక్కడే మరో కాపురం పెట్టుకున్నాడు. ఎవరైనా అడిగితే అత్త, "యాడో ఉండాడప్పా. బాగుండాడు" అని, చేతిలో పని ఆపకుండానే చెప్పేది. పిల్లలు లేరు.

ఆమెకు ఒక అలవాటుండేది. బస్సులో ముందు సీట్లో కూర్చున్నవాళ్ల చొక్కా కాలర్ చూసి, నా చెవిలో తీర్పు చెప్పేది. "చూడు, ఎడమ మొన వంగింది. ఎవరో సోంబేరి కుట్టినాడు." ఒకసారి ఒక పెద్దాయన తిరిగి చూశాడు. అత్త తడబడలేదు. "మీది కాదన్నా, కుట్టినోడిది తప్పు" అంది. కాలర్ మొన తిప్పడంలో ఆమెకు సాటి వచ్చేవాళ్లు ఫ్యాక్టరీలో లేరు. రెండు గుడ్డల మధ్య మొన దగ్గర ఒక దారం వేసి కుట్టి, లోపలి వైపు బయటికి తిప్పేటప్పుడు ఆ దారం పట్టుకుని లాగేది. మొన సూదిలా బయటికొచ్చేది. విదేశాల నుంచి వచ్చే కొనుగోలుదారులు ఆ మొనను వేలితో తాకి చూసి తలూపేవారు. అప్పుడు ఆమె మొహం చూడాలి. నవ్వేది కాదు. పెదవులు బిగించుకునేది, అంతే.

రెండువేల సంవత్సరం దాటాక ఒక వేసవిలో కంపెనీ ఆమెను వియత్నాం పంపుతానంది. అక్కడ వాళ్లకే సంబంధించిన కొత్త ఫ్యాక్టరీ ఉందట, మూడు నెలలుండి అక్కడి ఆడవాళ్లకు కాలర్ పని నేర్పాలట. అత్త అప్పటికి తిరుపతి దాటి వెళ్లింది లేదు. పాస్‌పోర్టుకు పుట్టిన తేదీ కావలసివచ్చింది. ఆమెకు తెలియదు. "మా యమ్మ చెప్పేది, వానలు పట్టేకి ముందు పుట్టినానంట" అంది ఏజెంటుతో. ఆయన జూన్ ఒకటి అని రాసేశాడు. ఇంటికొచ్చాక అత్త పడీపడీ నవ్వింది. "చూడమ్మే, నలభై అయిదేండ్లకి నాకూ ఒక పుట్టినదినం దొరికింది!"

జూన్ ఒకటి ఆమెకు అక్కడే వచ్చింది. ఏం జరిగిందో తిరిగొచ్చాక నాకు ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. చెప్పిన ప్రతిసారీ ఒక్క ముక్క కూడా మారేది కాదు.

అక్కడ ఆమెకు దుబాసీగా లాన్ అనే పిల్లను ఇచ్చారు. ఇరవై రెండేళ్లుంటాయి. ఆ పిల్లకు ఇంగ్లీషు కొంచెం, మా అత్తకు అంతకన్నా కొంచెం. మిగతాదంతా చేతులతోనే. ఏవో కాగితాలు నింపడానికి పాస్‌పోర్టు తీసుకున్నప్పుడు లాన్ తేదీ చూసిందట. అత్తకు చెప్పలేదు. ఆ రోజు టీ వేళకు లైన్లో మిషన్లన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. కరెంటు పోయిందేమోనని అత్త తలెత్తి లైట్ల వైపు చూసింది. చూస్తే అందరూ లేచి నిలబడి ఉన్నారు. కటింగ్ బల్ల మీద కేకు. పక్కన పెద్ద గిన్నెలో సేమ్యాలాంటిది, ఆమె మాంసం తినదని గుడ్డు మాత్రం వేసి చేసుకొచ్చారు. అందరూ పాట పాడారు.

"నాకేం చేయాల్నో తెలీలేదమ్మే. స్కూల్లో జనగణమన పాడేతప్పుడు నిలబడినట్ల నిలబడుకున్నా, చేతులు రెండూ కిందికి పెట్టుకొని. వాండ్లు నవ్వినారు. నేనూ నవ్వినా. అంతలోనే ఏడుపొచ్చింది."

తర్వాత ఒక పొట్లం చేతికిచ్చారు. లోపల లేత నీలం రంగు చొక్కా. శాంపిళ్లలో మిగిలిన గుడ్డతో వాళ్లే కుట్టారు, ఒక్కొక్కరు ఒక్కో భాగం. ఒకరు జేబు, ఒకరు చేతులు, ఒకరు బొత్తాల పట్టీ. కాలర్ కుట్టిన పిల్ల అందరికన్నా వెనకబడ్డ పిల్ల. కుడి మొన సరిగ్గా తిరగలేదు. "నా కంటికి కనపడ్నే కనపడింది. ఏమీ అనలేదు. ఆ పిల్ల నా మొగమే చూస్తా ఉండాది. సూపర్ అని చెయ్యి చూపించినా."

చీర తప్ప వేరే గుడ్డ కట్టని మా అత్త ఆ చొక్కాను చీర మీదే తొడుక్కుని ఫోటో దిగింది. ఆ ఫోటోలో ఉన్నంత సంతోషంగా ఆమెను నేను ఎప్పుడూ చూడలేదు. అంతకు ముందూ లేదు, ఆ తర్వాతా లేదు.

తిరిగొచ్చాక ఆ ఫోటో ఫ్యాక్టరీకి తీసుకెళ్లి అందరికీ చూపించింది నేనే. అత్త వద్దంది. నేనే ఆమె సంచిలోంచి తీసుకుని, క్యాంటీన్లో చేతులు మార్చి మార్చి చూపించాను. నా మేనత్త విమానం ఎక్కి వచ్చిందన్న గర్వం నాది. ఆమె తెచ్చిన కొబ్బరి మిఠాయి అందరూ తిన్నారు. లైన్లో అందరికన్నా పాత మనిషి సరోజక్క ఫోటో కళ్లకు దగ్గరగా పెట్టుకుని, "మన మేడమ్ దొరసాని మాదిరి ఉండాది చూడండే" అని మెచ్చుకుంది.

అత్త మాత్రం వచ్చినప్పటి నుంచి కొంచెం తేడాగా ఉంది. పనిలో లోపం లేదు. కానీ బస్సులో కాలర్లు చూడడం మానేసింది. నీళ్లు పడక ఏదో నీరసమనుకున్నాను.

రెండు నెలలు గడిచాయి. దసరా సెలవుల తర్వాత ఫ్యాక్టరీకి వెళ్తే గేటు మూసి ఉంది. కన్నడంలో ఒక కాగితం అంటించారు. యూనిట్ మూసేస్తున్నారు. ఆర్డర్లన్నీ వియత్నాం వెళ్తున్నాయి. రెండు వందల మంది ఆడవాళ్లం టిఫిన్ డబ్బాలు పట్టుకుని రోడ్డు మీద నిలబడ్డాం. కొందరు గేటు ఊపుతున్నారు. కొందరు ఏడుస్తున్నారు. అప్పుడు సరోజక్క జనాన్ని తోసుకుంటూ అత్త ముందుకొచ్చింది.

"ఆడ కేకు కోసుకొని తినొచ్చి ఈడ మా కూడు కోసినావు కదే! నీకు తెలుసా లేదా? చెప్పు."

అత్త టిఫిన్ డబ్బాను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది.

"అడిగేది నిన్నే. తెలుసా లేదా?"

అందరూ చుట్టూ మూగారు. అత్త నా వైపు చూసింది. ఆ చూపు ఇప్పటికీ నాకు కనబడుతుంది. నేను ఆమె పక్కకు వెళ్లి నిలబడి ఉండాలి. చెయ్యి పట్టుకుని ఉండాలి. ఏడేళ్లు ఆమె వండింది తిని, ఆమె పక్కన పడుకున్నదాన్ని. కానీ అప్పుడు నాకూ పని పోయింది, నా ఒళ్లూ మండుతోంది. అందరూ వినేలా, "నీ పుట్టినరోజు బాగా జరిగిందిలే అత్తా" అన్నాను.

ఎవరో పకపకా నవ్వారు. అత్త తల దించుకుని ఇంటి దారి పట్టింది.

ఇంటికెళ్లాక అదే మాట నేనూ అడిగాను. ఈసారి దాచలేదు.

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"ఆ పొద్దే తెలిసింది. కేకు కోసినాక. లాన్ నా చెయ్యి పట్టుకొని సంతోషంగా చెప్పింది. వచ్చే సీజన్‌కి మీ బెంగళూరు పనంతా మాకే ఇస్తారంట మేడమ్, మీవల్లనే అని. ఆ పాపకి తెలీదు, అది నాకెట్ల తగుల్తాదో."

"మరి ఆ తర్వాత రెండు నెలలు ఎందుకు నేర్పావు? కాలర్ తిప్పడం చెప్పకుండా ఉంటే సరిపోయేది కదా?"

"వాండ్లు నా ముందర కూర్చోని చెప్పు మేడమ్ అంటా ఉంటే తప్పు నేర్పించేకి నా చేత కాలేదమ్మే. నేను చెప్పకపోతే ఇంకొకరిని పంపుతారు. పని అయితే నిలిచేది కాదు."

"ఇక్కడ మాకైనా చెప్పి ఉండాల్సింది."

ఆమె పొయ్యి ముందు కూర్చుంది. "ఊరికే ఏమైనా మారుతాదేమో అని చూసినా. భయమాయ" అంది. ఈ మాటను నేను ఇప్పటికీ క్షమించలేదు. రెండు నెలల ముందు తెలిసి ఉంటే ఆ రెండు వందల మందిలో కొందరైనా వేరే దారి చూసుకునేవాళ్లు. ఆమె మంచి మనిషి. అయినా మాకు చెప్పలేదు. ఈ రెండూ నిజమే. చనిపోయినంత మాత్రాన ఒకదాన్ని తీసి పక్కన పెట్టలేను.

కానీ నేను చేసింది కూడా రాయాలి. మర్నాడు పొద్దున అత్త పాలకు వెళ్లినప్పుడు, ఆ నీలం చొక్కాను పెట్టెలోంచి తీసి, నీళ్లలో ముంచి, ఇల్లు తుడిచాను. గది మూలలు, పొయ్యి కింద, కుళాయి దగ్గర బురద, అంతా దాంతోనే. అత్త వచ్చి గుమ్మంలో నిలబడింది. తిడుతుందని, కొడుతుందని చూశాను. కొట్టి ఉంటే బాగుండేది. పాలగిన్నె కింద పెట్టి, నా చేతిలోంచి చొక్కా తీసుకుని, కుళాయి కింద ఉతికి, పిండి, తీగ మీద ఆరేసింది. మరకలు పోలేదు. ఆ మరుసటి రోజు నుంచి ఆమె కూడా దాంతోనే ఇల్లు తుడిచింది. అది పీలికలయ్యేదాకా తుడిచింది.

ఆరు నెలల తర్వాత నేను హొసకోటె వెళ్లిపోయాను. స్కూల్లో పని దొరికింది, తర్వాత పెళ్లయింది. అత్త మహదేవపురలోనే ఉండిపోయి, ఇంట్లో మిషన్ పెట్టుకుని జాకెట్లు కుట్టేది. ఫ్యాక్టరీ పడగొట్టి ఆ స్థలంలో అద్దాల ఆఫీసు కట్టారు. అందులో పనిచేసే ఆడపిల్లలు ఆమె దగ్గర కుట్టించుకునేవారు. లైన్లోవాళ్లు మాత్రం రాలేదు. సరోజక్క అదే వీధిలో నడిచి వెళ్తూ కూడా ఆ గుమ్మం వైపు చూసేది కాదట. నేను పండక్కి వెళ్లేదాన్ని. తినేదాన్ని, పెట్టింది తీసుకునేదాన్ని, సాయంత్రం బస్సుకు వచ్చేసేదాన్ని. చొక్కా మాట ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

పోయిన నెల ఆసుపత్రిలో చేర్చారని తెలిసి వెళ్లాను. షుగర్ మూత్రపిండాలు తినేసింది. మొహం ఉబ్బింది. మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాను. ఇంటి సంగతులు, నా కొడుకు చదువు మాట్లాడుకున్నాం. తర్వాత తనంతట తనే అంది:

"మీకి చెప్పకుండా ఉండింది తప్పే. కాదనను. ఆ పాపం నాదే."

నేను ఆమె దుప్పటి సర్దాను.

"కానీ ఆ పొద్దు తప్పు కాదమ్మే. వాండ్లు నాకి చేసింది తప్పు కాదు. దాన్ని కూడా తప్పని చెప్తే నాకింక ఏముండాది?"

అవునత్తా అంటే చాలు. ఒక్క ముక్క. "పడుకో, మాట్లాడితే ఆయాసం వస్తుంది" అన్నాను. ఆమె గోడ వైపు తిరిగింది. మళ్లీ వస్తానని చెప్పి వచ్చేశాను. వెళ్లేలోగా ఫోన్ వచ్చింది.

లైన్లోవాళ్లకు కబురు పంపాను. ఇద్దరు వచ్చారు. సరోజక్క రాలేదు. లాన్‌కు తెలియజేద్దామంటే నా దగ్గర చిరునామా లేదు.

మూడో రోజు గది ఖాళీ చేస్తుంటే, కుట్టడానికి గుడ్డలిచ్చినవాళ్లు ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. అత్త చాలా జాకెట్లు కత్తిరించి ఉంచింది. వీపు, ముందు భాగాలు, చేతులు కలిపి చుట్టి, గుడ్డ పేలికతో కట్టి, పేరు రాసిన చీటీ గుచ్చింది. చూసి ఇచ్చేస్తున్నాను. అద్దాల ఆఫీసులో ఊడ్చే పని చేసే ఒకామె తన చుట్ట విప్పి చూసుకుంది. ఎర్ర పట్టు ముక్కలు, వాటి మీద చాక్ గీతలు ఇంకా తెల్లగా ఉన్నాయి.

"ఒకరు కత్తిరించింది ఇంకొకరు కుట్టరు కదమ్మా" అంది. "నువ్వు ఆయమ్మ కోడలివి కదా. నీకి రాదా?"

రాదన్నాను. నిజమే. ఏడేళ్లు లైన్లో కూర్చున్నా నేను కుట్టింది చొక్కా చేతుల చివరుండే కఫ్‌లు మాత్రమే, రోజంతా కఫ్‌లే. జాకెట్టుకు కఫ్‌లుండవు.

ఆమె ముక్కలన్నీ మళ్లీ చుట్టి, చంకలో పెట్టుకుని వీధిలోకి నడిచింది. చుట్ట సరిగ్గా కట్టలేదేమో, జాకెట్టు చేతి ముక్క ఒకటి జారి ఆమె మోచేతి కింద వేలాడుతోంది. మలుపు తిరిగేదాకా అది గాలికి ఊగుతూనే ఉంది. పిలిచి చెబుదామనుకున్నాను, వెనక్కి తిరిగి తర్వాతి చుట్ట చీటీ చూశాను.