దుర్గ జీపు లైట్లు కొబ్బరిచెట్లెక్కిన సాయంత్రం

వెంకటదుర్గ జీపుకి ముందు రెండు గుండ్రటి లైట్లున్నాయి. ఉన్నాయన్న సంగతి పగలైతేనే తెలిసేది. చీకటి పడ్డాక వేస్తే బంపరు ముందు కాస్త పసుపు పూసినట్టు వెలిగి ఊరుకునేవి. ఆ పసుపు వెలుతురులోనే ఆవిడ రోజూ సాయంత్రం కడియం నర్సరీల్లో మొక్కలకి అంట్లు కట్టే ఆడవాళ్ళని కాలువగట్టు మీదుగా మా లంకకి చేర్చేది.

నేను అదే నర్సరీలో స్టోరు లెక్కలు చూస్తాను. వెనక కూర్చుంటే కడుపులో తిప్పుతుందని నాకు ముందు సీటిచ్చారు. నేనలా చెప్పుకుంటాను గానీ, అసలు సంగతి వేరే. నా పక్కన కూర్చుని దారి పొడవునా నోరు కట్టేసుకోవడం వాళ్ళెవరికీ ఇష్టం లేదు.

దుర్గకి నలభై దాటాయి. పొట్టి మనిషి. సీటు మీద రెండు దిండ్లు వేసుకుని, తలకి తువ్వాలు చుట్టుకుని స్టీరింగు పట్టుకుంటే మగ డ్రైవర్లు కూడా పక్కకి తప్పుకునేవారు. వాళ్ళాయన గణేష్‌బాబు మొక్కల లారీ మీద నెలల తరబడి పై రాష్ట్రాలు తిరుగుతుంటాడు. ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే మాట: "ఆ డొక్కు అమ్మేసి ఇంటిపట్టున ఉండవే." దుర్గ వినేది కాదు. ఆ జీపు ఉన్నంతకాలం ఊళ్ళో ఆవిడ గణేష్‌బాబు పెళ్ళాం కాదు, జీపు దుర్గ.

అలాంటి జీపు ఆ వారం చేజారేలా ఉంది.

మా దారికి ఒక పక్క నిండు కాలువ, ఇంకో పక్క పల్లంలో వరిచేలు. గోడా లేదు, రాయీ లేదు. పొద్దు గూకేసరికి మంచు దిగుతున్న రోజులు. మంగళవారం నాడు తూము దగ్గర అంచు కనిపించక ముందు చక్రం గట్టు దిగింది. జీపు కాలువ వైపు ఒరిగి ఆగింది. వెనక కూర్చున్న తలుపులమ్మ భయపడి దూకేసి కాలు మడతేసుకుంది. ఆ మర్నాడు వాళ్ళలో తబిత అందరి తరఫునా మాట్లాడింది.

"దుర్గొదినా, నీ మీద కోపం లేదు. నాకిద్దరు పిల్లలున్నారు. మన ఊరి ఆరోన్ కొత్త వ్యాను తెచ్చాడు, సోమవారం నుంచి దాంట్లో వస్తాం."

"శనివారం దాకా ఆగవే. లైట్లు మార్పిస్తాను. శనివారం ఎక్కి చూడండి. అప్పటికీ భయమేస్తే నేనడగను."

సరే అన్నారు. వాళ్ళు దిగిపోతే ఆ జీపెక్కేవాళ్ళు ఇంకెవరూ లేరు. అది మాకందరికీ తెలుసు.

శనివారం మధ్యాహ్నం దుర్గ తోడు రమ్మంటే నేనూ వెళ్ళాను, కడియం సెంటర్లో వీరభద్రంగారి షాపుకి. ఆయన బానెట్ ఎత్తి వైర్లన్నీ తడిమి చూశాడు.

"బల్బు తప్పు కాదండి ఇది. కరెంటు బ్యాటరీ నుంచి స్విచ్ దాకా వెళ్ళి, అక్కణ్ణించి తిరిగి లైటు దాకా రావాలి. అదీ ఈ దారమంత వైర్లో. సగం దారిలోనే నీరసపడిపోతంది."

"పెద్ద బల్బులు వేసెయ్యండి మరి."

"వేస్తే మీ స్విచ్ కరిగిపోద్దండి. రిలే పెడతాను. ఇకమీదట స్విచ్చిది పురమాయించడం వరకే. కరెంటు లావు వైర్లో బ్యాటరీ నుంచి తిన్నగా లైటుకే పోద్ది."

లావు వైర్లు లాగాడు. మసకబారిన లైటు డోములు తీసేసి కొత్తవి బిగించాడు, వాటిలో కొత్త బల్బులు పెట్టాడు. జీపుని షెడ్డులోకి తోయించి, చీకటి గోడకి ఎదురుగా నిలబెట్టి, స్క్రూలు తిప్పుతూ రెండు వెలుగులూ సమంగా పడేలా చూశాడు. అప్పుడడిగాడు.

"వెనక లోడు ఎంత వేస్తారమ్మా?"

"లోడేం వెయ్యనండి. మా ఆడవాళ్ళే ఎక్కుతారు."

ఆయన నా వైపు చూశాడు. నేను బక్కదాన్ని. ఎక్కేవాళ్ళంతా నాలాగే ఉంటారనుకున్నాడు కాబోలు, తలూపి చివరి స్క్రూ బిగించేశాడు. దుర్గ కూడా అబద్ధమేమీ చెప్పలేదు. ఆవిడ దృష్టిలో లోడంటే ఇసుకో ఇటుకలో. తబితనీ తలుపులమ్మనీ లోడని ఎలా అంటుంది?

సాయంత్రం పని వదిలేసరికి మసక పడింది. దుర్గ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. ఎవరూ పరాచికాలాడలేదు. ఒక్కొక్కరే ఎక్కి బెంచీల మీద సర్దుకున్నారు. నేను రోజూలాగే గేటు దాటేదాకా ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాను. రోడ్డు మీద దీపాలున్నంత దూరం ఏమీ తెలియలేదు. గట్టెక్కాక దుర్గ స్విచ్ వేసింది.

తెల్లటి వెలుతురు. పెళ్ళిపందిట్లో కూడా అంత వెలుతురు చూడలేదు నేను. కానీ అది దారి మీద లేదు. దూరంగా కొబ్బరిచెట్ల మొవ్వుల్లో ఉంది. గెలలూ మట్టలూ తళతళలాడిపోతున్నాయి. చెట్టు మీద నిద్రకి చేరిన కొంగలు కంగారుగా లేచిపోయాయి. చక్రాల ముందు మాత్రం ఎప్పటికంటే చిక్కటి చీకటి.

"కొబ్బరి దింపు తీయిస్తున్నావా వదినా?" వెనకనుంచి తబిత.

దుర్గ డిమ్ వేసింది. వెలుతురు సగం చెట్టు దిగి అక్కడే ఆగింది. ఇరుకు గట్టు, జీపు తిప్పుకునే చోటు లేదు. ఆవిడ మెడ ముందుకు చాచి, మొదటి గేరులో, అంచు ఎక్కడుందో అంచనా కట్టుకుంటూ నడుపుతోంది. నేను కిటికీలోంచి తల బయటికి పెట్టి చూశాను. కింద కాలువ నీళ్ళు మెరుస్తున్నాయి. దారి మాత్రం లేదు.

అప్పుడు మలుపు తిరిగింది గడ్డి ట్రాక్టరు.

దాని డ్రైవరు ఒక చెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకున్నాడు. హారన్ కొడుతున్నాడు గానీ ఆగడం లేదు. మా వైపే వస్తున్నాడు. వెనక ఎవరో ప్రార్థన మొదలెట్టారు. పక్కకి తీయడానికి దుర్గకి పక్క ఏదో కనిపించడం లేదు. నా చెయ్యి నాకు తెలియకుండానే ఆవిడ మోచెయ్యి పట్టుకుంది.

"వదలండి మేడంగారూ," అని, దుర్గ బ్రేకు తొక్కి లైట్లు మొత్తం ఆర్పేసింది.

అంతా నలుపు. ట్రాక్టరు కీచుమంటూ ఆగింది. గడ్డిమోపు జీపు అద్దాన్ని రాసుకుంటోంది.

"కళ్ళు తీసేద్దామనా ఏంటమ్మా," అన్నాడు ట్రాక్టరతను. "నువ్వెటున్నావో, కాలువెటుందో తెలవలేదు నాకు."

అతను అంగుళం అంగుళం జరుపుకుంటూ మమ్మల్ని దాటేలోపు వెనకవాళ్ళంతా దిగిపోయారు. తలుపులమ్మ కూడా కుంటుకుంటూ దిగింది. ట్రాక్టరు వెళ్ళాక దుర్గ మళ్ళీ స్విచ్ వేసింది.

దారి కనిపించింది. గుంటలు, గులకరాళ్ళు, రెండు పక్కలా అంచులు, అల్లంత దూరాన తూము కూడా.

కాసేపు ఎవరికీ అర్థం కాలేదు. పాపాయి పేరుకే పాపాయి, మాలో అందరికంటే పెద్దది, అన్ని విధాలా. ఆవిడ వెనక మెట్టు మీద ఒక కాలు మోపి బరువేసింది. వెలుతురు నెమ్మదిగా దారి వదిలి పైకి పోయింది. కాలు తీసింది. కిందికొచ్చింది. మళ్ళీ మోపింది.

"నా కాలితోటే లేత్తందే ఇది," అంది ముచ్చటపడుతూ.

తబితకి ముచ్చట అనిపించలేదు. "అయితే ఎవరం ఎక్కకపోతే దారి బాగా కనపడుద్దన్నమాట. మేం నడిచిపోతాం, నువ్వు ఖాళీ జీపు తోలుకునిరా వదినా."

దుర్గ స్టీరింగు మీదనుంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఆ మనిషి చేతులు అలా ఖాళీగా ఉండటం నేనదే చూడటం. కాసేపటికి దిగి వెనక్కెళ్ళి, ఫోన్ లైటుతో బెంచీల కిందకి చూసింది. చూసి చప్పున ఆర్పేసింది.

"ఏముంది దుర్గా?" అన్నాను.

"ఏం లేదండి."

ఆడవాళ్ళంతా కాలువ వైపు చూస్తున్నారు. అక్కడేదో తీర్థమో తిరణాలో జరుగుతున్నట్టు. బెంచీల కింద ఏముందో నాకు తెలుసు, నర్సరీ మొక్కలు. విరిగినవీ వంకరవీ గుంటలో పారెయ్యాలి తప్ప మొక్క గేటు దాటకూడదని మా యజమాని ఆజ్ఞ. గేటు దగ్గర చూడాల్సింది నేను. అందుకే కదా రోజూ గేటు దాటేదాకా ఫోన్ చూసుకునేది. ఎర్రమట్టి సంచీతో సహా ఒక్కో మొక్క ఎంత బరువుంటుందో మాత్రం ఎన్నడూ ఆలోచించలేదు. దుర్గ ఆ సంగతి చెప్పేస్తే వాళ్ళ పనులు పోతాయి. చెప్పకపోతే వాళ్ళు ఆరోన్ వ్యానెక్కుతారు. అయినా నోరు మెదపకుండా నిలబడింది.

"నా కాళ్ళ దగ్గర బోలెడు చోటుంది," అన్నాను నేను, చీకట్లోకి. "ఆ వంకర మందారాలు ఇలా పెట్టండి. కరివేపాకు ఒళ్ళో పెట్టుకుంటాను."

పాపాయి వంగి, బెంచీ కిందనుంచి ఒక సంచీ లాగింది. ఆ వెనక ఇంకోటి. మందారాలు, క్రోటన్లు, మల్లెలు, మా నర్సరీలో ఉన్నాయని నాకే తెలియని రకాలు. చివర్లో తబిత తలొంచుకుని నిలువెత్తు మామిడంటు తెచ్చింది. దానికి వంకరా లేదు, విరుగూ లేదు.

"ఇదీ గుంటలోదేనా?" అన్నాను.

"గుంట పక్కనుందండి," అంది తబిత.

మొక్కలు ముందుకొచ్చాయి. అయినా వెలుతురు ఇంకాస్త దిగాలి. "లావుగా ఉన్నవాళ్ళెవరైనా ఒకళ్ళు ముందుకి రండమ్మా," అంది దుర్గ. ఒక్కరూ కదల్లేదు. తలుపులమ్మ తన పక్కావిడ వైపు చూసింది. ఆవిడ చీర సర్దుకుంది.

"సిగ్గు మీకు గాని నాకెందుకే," అని పాపాయి వచ్చి నాకూ గేరుకీ మధ్య కూలబడింది. ఆ తరవాత దుర్గ గేరు మార్చాల్సినప్పుడల్లా పాపాయి అనుమతి అడగాల్సొచ్చింది.

వెలుతురు దారి మీద పడింది. మామిడాకులు నా ముక్కులో గుచ్చుకుంటున్నా, తూము దగ్గర గట్టు అంచు నేనే మొదట చూశాను. చక్రం దానికి జానెడు దూరంలో నెమ్మదిగా దాటింది.

దిగాక దుర్గ అడిగింది. "సోమవారం?"

"ఆరోన్‌కి మాటిచ్చేశాను వదినా," అంది తబిత. మొక్క చంకన పెట్టుకుని రెండడుగులు వేసి ఆగింది. "ముందా లైట్లు కిందికి దించించు. మేమంతా కూర్చున్నాక దించించు. అప్పుడు చూద్దాం."

సోమవారం పని వదిలాక ఆరోన్ వ్యాను నర్సరీ గేటు ముందుకొచ్చి హారన్ కొట్టింది. దుర్గ ఎవరినీ పిలవలేదు. జీపు పక్కన నిలబడి తువ్వాలు విప్పుతూ కడుతూ ఉంది. పాపాయి ముందెక్కింది. ఆ వెనక ఒక్కొక్కరూ ఎక్కారు. తబిత వ్యాను దగ్గరికెళ్ళి ఏదో మాట్లాడి, ఆఖర్న వచ్చి ఎక్కింది.

వీరభద్రంగారి షెడ్డులో గోడకెదురుగా అందరం పెళ్ళిచూపుల్లో కూర్చున్నట్టు కూర్చున్నాం. ఆయన వెనక్కొచ్చి ఒకసారి తొంగి చూశాడు.

"లోడు లేదన్నారు కదమ్మా," అన్నాడు.

"నోరు జాగ్రత్త నాయనా," అంది పాపాయి.

ఆయన స్క్రూలు తిప్పాడు. గోడ మీద రెండు వెలుగులూ దిగి, దిగి, సరైన చోట నిలబడ్డాయి.

"అయిపోయిందండి, దిగండి, టీ తాగుదురు గాని," అన్నాడు.

"మళ్ళీ దిగడం ఎందుకండి, పిల్లలు ఎదురు చూస్తుంటారు," అంది తబిత. "పోనియ్యి వదినా."