వందలో ఒక్కసారి వచ్చే ఎత్తు

1994లో సోలాపూర్ భవానీ పేట్‌లో నేనొక కంప్యూటర్ క్లాసు నడిపేదాన్ని. క్లాసంటే కింద పవర్‌లూమ్ కార్ఖానా, పైన రెండు గదులు, మూడు కంప్యూటర్లు, ఒక ప్రింటర్. కింద మగ్గాలు ఆడుతున్నంతసేపూ పైన టేబుళ్లు సన్నగా వణికేవి. పాఠం చెప్పడమంటే అరవడమే. సాయంత్రానికి గొంతు బొంగురుపోయేది. వచ్చేవాళ్లలో ఎక్కువమంది కామర్స్ చదివే అమ్మాయిలు, సేట్ల కొడుకులు. టైపింగు, ఉత్తరాలు, పట్టికలు నేర్చుకుని మూడు నెలల్లో సర్టిఫికెట్ పట్టుకుపోయేవారు. ఎవరితోనూ పేచీ ఉండేది కాదు. అంబాదాస్ కాకా వచ్చేదాకా.

కాకాకు అప్పుడు నలభై ఆరేళ్లు. కుంఠా నాకా దగ్గర ఒక చాదర్ల కార్ఖానాలో జకార్డ్ డిజైనర్. జకార్డ్ అంటే మగ్గం మీద కూర్చునే యంత్రం. చిల్లులు పొడిచిన అట్టలు వరుసగా తిరుగుతుంటే, ఆ చిల్లుల ప్రకారం దారాలను పైకెత్తి దుప్పటి మీద పువ్వులూ నెమళ్లూ తేలుస్తుంది. ఏ చిల్లు ఎక్కడ పొడవాలో ముందు గళ్ల కాగితం మీద గడి గడికీ రంగు వేసి చూపించేవాడే డిజైనర్. ఆ కాగితాన్ని నక్షా అంటారు. నక్షాలు గీయడానికి కంప్యూటర్ కొనాలని ఆయన సేటు అనుకుని, ముందు నువ్వు నేర్చుకుని రమ్మని కాకాను నా దగ్గరికి పంపాడు.

మూడు వారాలు బాగానే నేర్చుకున్నాడు. నాలుగో వారం ఒక పొద్దున, నేను ఇంకా గది ఊడుస్తుండగానే వచ్చి కూర్చుని అడిగాడు.

"బిడ్డా, గీ డబ్బాకు బుద్ధిబళ్ నేర్పొచ్చునా?"

బుద్ధిబళ్ అంటే మరాఠీలో చదరంగం. మా పేట్‌లో కాకాను ఆ ఆటలో ఓడించినవాళ్లు లేరు. సాయంత్రం అరుగు మీద బోర్డు పరిస్తే చుట్టూ పదిమంది మూగేవారు. నేర్పొచ్చు అన్నాను. ఆ మాట ఎందుకన్నానా అని తర్వాత ఏడాదిపాటు తిట్టుకున్నాను.

సి భాష నేర్పమన్నాడు. నేర్పాను. గడులతో పనిచేసిన బుర్ర కనుక అరవై నాలుగు గళ్ల లెక్క నాకంటే ముందే పట్టేశాడు. ఆ విషయంలో ఆయన తెలివిని తక్కువ చేసి చెప్పలేను. మిగతా అన్నింటిలోనూ నన్ను పీక్కుతిన్నాడు. ఒక్క వేలితో టైపు చేసేవాడు. పది వేళ్లూ వాడమంటే, "నక్షా గూడ ఒక్క కుంచెతోనే గీస్త గద" అనేవాడు. ప్రోగ్రాంలో ఏనుగుకు హత్తి అని, ఒంటెకు ఉంట్ అని, గుర్రానికి ఘోడా అని పేర్లు పెట్టాడు. అదైనా సరే అనుకుంటే, మధ్యలో పేర్లు మార్చి నాకు చెప్పేవాడు కాదు. ఫ్లాపీలో దాచుకో కాకా అని రోజూ మొత్తుకునేదాన్ని. దాచుకునేవాడు కాదు. కరెంటు పోయి రాసిందంతా పోతే నా వైపు చూసేవాడు, ఫ్యూజు నేనే పీకినట్టు.

అసలు పేచీ ఆషాఢంలో వచ్చింది. చదరంగంలో ఒక నియమం ఉంది. బంటు తన మొదటి కదలికలో రెండు గళ్లు వెళ్లవచ్చు. అలా వెళ్లి అవతలివాడి బంటు పక్కన ఆగితే, అది ఒక్క గడే వెళ్లినట్టు భావించి అవతలి బంటు దాన్ని చంపవచ్చు. వెంటనే చంపాలి, ఒక ఎత్తు ఆలస్యమైతే హక్కు పోతుంది. దీన్ని ఆన్ పాసాన్ అంటారు. కాకా ప్రోగ్రాంలో అది లేదు.

"గది మా ఆటల లేదు" అన్నాడు.

"మీ అరుగు మీద లేదు కాకా. పోటీల్లో ఉంది."

"వందల ఒక్కపాలి వస్తది. దానికోసం ప్రోగ్రాం ఖరాబ్ చేసుకోవాల్నా?"

వారం ఆగి మళ్లీ చెప్పాను. విన్నట్టే తలూపి ఇంకేదో రాసుకున్నాడు. మూడోసారి చెప్పినప్పుడు కుర్చీ తిప్పి నన్ను చూశాడు. కోపం వస్తే నన్ను బిడ్డా అనడం మానేసేవాడు.

"మేడం, ప్రోగ్రాం నాదా, మీదా?"

మీదే అన్నాను. ఆ సాయంత్రం క్లాసు అయిపోయాక నా నోటుబుక్కులో ఆ నియమానికి కావలసిన కోడ్ రాసిపెట్టాను. పన్నెండు లైన్లు. రాసి, పుస్తకం మూసేశాను. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

దీపావళి సెలవుల్లో మా పేట్‌లోనే ఒక వాచనాలయం, అంటే గ్రంథాలయం హాలులో కంప్యూటర్ చదరంగం పోటీ పెట్టారు. ఊళ్లోని చదరంగం పిచ్చివాళ్లు పూనుకుని పెట్టిన పోటీ. మనుషులు ఆడరు, ప్రోగ్రాంలే ఆడతాయి. ఒక్కో ప్రోగ్రాం దగ్గర ఒక మనిషి కూర్చుంటాడు. అతన్ని ఆపరేటర్ అంటారు. అవతలివాళ్ల ఎత్తును కంప్యూటర్‌లోకి కొట్టడం, తెర మీద వచ్చిన జవాబును చెక్క బోర్డు మీద కదపడం, గడియారం నొక్కడం, ఇంతే పని. సొంత బుర్ర వాడకూడదు. మొత్తం నాలుగు ప్రోగ్రాంలు వచ్చాయి. కాకా వేలి వేగం చూసి ఆపరేటర్‌గా నేనే కూర్చుంటానన్నాను. అందుకు కూడా అరగంట వాదించాడు.

నా కంప్యూటర్‌ను సైకిల్ రిక్షాలో, కింద పరుపు వేసి తీసుకెళ్లాం. మొదటి ఆట గెలిచాం. రెండోది డ్రా. మూడోది ఇంజనీరింగ్ కాలేజీ విద్యార్థులు ఇద్దరు రాసిన ప్రోగ్రాంతో. అది గెలిస్తే మొదటి స్థానం మాదే. కాకా ఆ మాట సేటుకు చెప్పి వచ్చాడట. సేటు తెల్ల టోపీ పెట్టుకుని ముందు వరుసలో కూర్చున్నాడు. కంప్యూటర్ కొనాలా వద్దా అని ఇంకా ఊగుతున్న మనిషి. ఇది చూసి తేల్చుకుంటానన్నాడని కాకా నా చెవిలో చెప్పాడు. అప్పుడు తెలిసింది నాకు, ఈ ఆట మీద ఎంత భారం పెట్టుకున్నాడో.

ఇరవై ఏడో ఎత్తుకు మేం ఒక ఏనుగు ఎక్కువలో ఉన్నాం. హాలులో ఆట తెలిసినవాళ్లు గుసగుసలాడుకుంటున్నారు. మా ప్రోగ్రాం ఒక బంటును రెండు గళ్లు ముందుకు జరపమంది. జరిపాను. జరిపి చెయ్యి తీస్తుండగానే పక్కన నల్ల బంటు కనబడింది. అవతలి ప్రోగ్రాం దాన్ని ఆన్ పాసాన్‌గా చంపింది.

ఆ ఎత్తు కొట్టాను. తెర మీద, కాకా ఎంతో ముచ్చటపడి పెట్టుకున్న తెలుగు మాట ఇంగ్లీషు అక్షరాల్లో వచ్చింది: "తప్పు ఎత్తు." మళ్లీ కొట్టాను. మళ్లీ అదే.

పంచ్, అంటే ఆటకు పెద్దగా కూర్చున్న రిటైర్డ్ మాస్తరు, వచ్చి చూశారు. ఎత్తు సరైనదేననీ, మా ప్రోగ్రాం ఒప్పుకోకపోతే తప్పు మాదేననీ మరాఠీలో నెమ్మదిగా చెప్పారు. కావాలంటే మా గడియారం నడుస్తుండగానే సరిచేసుకోవచ్చు. మా దగ్గర ముప్పై ఒక్క నిమిషాలున్నాయి.

కాకా మొహం బియ్యం కడిగిన నీళ్లలా అయింది. "జరుగు" అన్నాడు నాతో.

"నేను కొడతా కాకా. నాకు తెలుసు ఏం రాయాలో."

"నా ప్రోగ్రాం. నేనే రాస్త."

లేచాను. ఆయన కూర్చున్నాడు. ఒక్క వేలు. ఒక్కో అక్షరం వెతుక్కుని, కొట్టి, తెర వైపు చూసి, మళ్లీ వెతుక్కుని. బ్రాకెట్టు ఎక్కడుందో ఇన్ని నెలలైనా గుర్తులేదు. వెనక నిలబడి నా వేళ్లు నేనే నలుపుకున్నాను. గడియారం టిక్కుటిక్కుమంటోంది. పది నిమిషాలు. పదమూడు. చంపిన బంటును బోర్డు మీంచి తీసేసే లైను రాయకుండా ముందుకు వెళ్లిపోతున్నాడు.

"కాకా, ఆ బంటును తీసెయ్యాలి. లేకపోతే అక్కడే ఉండిపోతుంది."

"ఎర్క నాకు."

"ఎరుకైతే రాయి మరి."

చుట్టుపక్కలవాళ్లు మా వైపు తిరిగారు. కాకా వేలు కీబోర్డు మీద గాలిలో ఆగింది. కుర్చీ వెనక్కి జరిపి లేచాడు.

"నాకు కనవడ్తలే బిడ్డా. నువ్వే కొట్టు" అన్నాడు.

ఆయన రాసింది తీసేసి పన్నెండు లైన్లూ కొట్టాను. పుస్తకం దగ్గర లేదు, అవసరమూ పడలేదు. చేతులు వాటంతటవే నడిచాయి. కాకా నా భుజం పక్కన నిలబడి, అవి ఒకదాని కింద ఒకటి పడుతుంటే చూస్తున్నాడు.

ప్రోగ్రాంను మళ్లీ మొదలుపెడితే బోర్డు మొదటి నుంచి వస్తుంది. ఆడిన ఎత్తులన్నీ తిరిగి ఎక్కించాలి. కాకా రాసుకున్న కాగితం చూసి చదివాడు, నేను కొట్టాను. అరుగు మీద ఆడేటప్పుడు ఎత్తులు చెప్పే గొంతుతోనే చదివాడు, తడబడకుండా. ఆ ఏడాది మొత్తంలో మేమిద్దరం కొట్లాడకుండా చేసిన పని అదొక్కటే. చివరి ఎత్తు కొట్టాను. నల్ల బంటు ఏటవాలుగా జరిగింది, మా బంటు తెర మీంచి మాయమైంది. ఆట నిలబడింది.

అప్పటికి మిగిలింది తొమ్మిది నిమిషాలు. మా ప్రోగ్రాం ఒక్కో ఎత్తుకు నలభై సెకన్లు తీసుకునేది. తొందరపడమంటే దానికి అర్థం కాదు. నలభై ఒకటో ఎత్తు దగ్గర, ఇంకా ఏనుగు ఎక్కువలో ఉండగానే, టైము అయిపోయినట్టు గడియారంలో జెండా పడింది. ఓడిపోయాం. మూడో స్థానం.

సేటు లేచి టోపీ సర్దుకుని కాకా దగ్గరికి వచ్చాడు. "అంబాదాస్, ఆటల్నే ఇంత పరేషాన్ చేసింది. నక్షాలు ఏం గీస్తది? చూద్దాం తియ్యి, వచ్చే ఏడు" అని వెళ్లిపోయాడు.

ఆషాఢం నుంచీ ఒక మాట నాలుక చివర పెట్టుకుని తిరిగాను. నేను చెప్పిన కదా కాకా. ఆ మాట అనడానికి ఇంతకంటే మంచి సమయం రాదు. నోరు రాలేదు. కంప్యూటర్ వైర్లు చుట్టుకుంటూ కూర్చున్నాను.

తర్వాత రెండు వారాలు కాకా క్లాసుకు రాలేదు. నాకు నిద్ర సరిగా పట్టలేదు. చివరికి ఒక మధ్యాహ్నం వాళ్లింటికి వెళ్లాను. కాకు, అంటే ఆయన భార్య, గడప లోపల చేట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. చేతులు ఆపకుండానే నన్ను కూర్చోమంది.

"నీమీద కోపం లేదు పిల్లా. ఆయన మీద ఆయనకే కోపం. నాలుగు రోజులాయె, సరిగ తింటలేడు" అంది.

కాకా లోపలి నుంచి వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. చెప్పాలనుకుని వెళ్లింది చెప్పేశాను. ఆషాఢంలోనే ఆ పన్నెండు లైన్లు రాసిపెట్టాననీ, ఆయనకు చూపించలేదనీ. ఒక్కసారి దెబ్బ తగిలితే గానీ ఈ మనిషికి బుద్ధి రాదని అనుకున్నాననీ. ఆ దెబ్బ సేటు ముందర తగులుతుందని ఊహించలేదనీ.

ఆకు కత్తిరించే కత్తెర చప్పుడొక్కటే వినబడింది.

"నేను చూసిన" అన్నాడు కాకా.

"ఏంది చూసినవు?"

"నీ పుస్తకం. శ్రావణంల ఒకనాడు బల్ల మీద తెరిచి పెట్టి పోయినవు. చూసిన. సమజైంది గూడ. నువ్వు చెప్పినవని పెట్టలే."

నాకు ఒళ్లు మండింది. రెండు వారాలుగా తప్పంతా నాదేనని కుమిలిపోతున్నాను, ఈయన చూసి కూడా పెట్టలేదట. కాకు బీడీ కట్ట పక్కన పెట్టి ఇద్దరినీ చూసింది.

"ఇద్దరికిద్దరు మంచిగ దొరికిన్రు" అంది.

మర్నాడు పొద్దున్నే కాకా క్లాసుకు వచ్చాడు. కూర్చుని, ప్రోగ్రాం గడియారం చూసుకుని ఆడేలా ఎట్లా రాయాలని అడిగాడు. చెప్పాను. నువ్వు చెప్పేది తప్పని వాదించాడు. సేటు మరో రెండేళ్లకు గానీ కంప్యూటర్ కొనలేదు. ఆ రెండేళ్లూ కాకా గళ్ల కాగితం మీదే, మసకబారుతున్న కళ్లతో, గడి గడికీ రంగు వేశాడు. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధే.

ఆ తర్వాత చాలా ఏళ్లు మా పేట్‌లోని కార్ఖానాలకు చిన్న చిన్న ప్రోగ్రాంలు రాసి ఇచ్చాను. వినని మనుషులకు కొదవ లేదు. ఇది ఎప్పుడో గానీ రాదు, వదిలెయ్ అనేవాళ్లే అందరూ. నాకు ఓపిక పెరిగిందేమీ లేదు. అప్పట్లాగే విసుక్కుంటాను, గొంతు లేస్తుంది. కానీ మారింది ఒకటుంది. ఒకరి పనిలో చిల్లు ఉందని నాకు తెలిస్తే, చెప్పేశాను కనుక నా బాధ్యత తీరిందని పుస్తకం మూసుకోను. వాళ్లు పడేదాకా ఎదురుచూడను. పక్కన కూర్చుని, తిట్టి, తిట్లు తిని, ఆ చిల్లు పూడ్చే లేస్తాను. నా మాటే నిజమైందని నిరూపించుకోవడం నా పని కాదు. అవతలివాళ్ల పని ఆగిపోకుండా చూడడమే నా పని. అది నేర్చుకోవడానికి నాకంటే మొండివాడొకడు కావలసి వచ్చాడు.