అడగని పేరు

నా చిన్నప్పుడు, తొమ్మిదేళ్ళు నిండీ నిండని వయసులో, నేనొక మాట అన్నాను. దాన్ని వెనక్కి తీసుకునే వీలు నాకు మళ్ళీ దొరకలేదు.

మాది ఇందుకూరుపేట దాటి సముద్రం వైపు పోతే వచ్చే చిన్న పల్లె. ఊళ్ళో ప్రార్థనకు వెళ్ళే ఇళ్ళు మూడే. అందులో మాది ఒకటి, అదీ మా అవ్వ వల్ల. పక్కింట్లో ఒక అక్క ఉండేది. నాకంటే మూడేళ్ళు పెద్దది. రోజూ నాకు జడ వేసి, చెయ్యి పట్టుకుని బడికి తీసుకెళ్ళేది. వాళ్ళ నాయన, మా నాయన ఒకే పడవలో వేటకు పోయేవారు.

కార్తీక మాసంలో ఒకరోజు, పొద్దున నిమ్మళంగా ఉన్న సముద్రం మధ్యాహ్నానికి రేగిపోయింది. పడవలన్నీ ఒడ్డుకు చేరాయి, మా వాళ్ళది తప్ప. ఆడవాళ్ళంతా ఇసుకలో నిలబడి ఏడుస్తున్నారు. మా అవ్వ మోకాళ్ళ మీద ఉండి ప్రార్థిస్తోంది. నేనూ ఆమె పక్కన కళ్ళు మూసుకున్నాను. ‘యేసయ్యా, మా నాయనను తీసుకురా’ అని అదొక్కటే మళ్ళీ మళ్ళీ అన్నాను.

పొద్దు వాలేవేళకు మా నాయన విరిగిన చెక్క పట్టుకుని ఒడ్డుకు కొట్టుకొచ్చాడు. అక్క వాళ్ళ నాయన రాలేదు.

మర్నాడు ఉదయం అక్క వాళ్ళ గడపలో ఒక్కతే కూర్చుని ఉంది. నేను పరిగెత్తుకుంటూ వెళ్ళి, “అక్కా, నేను ప్రార్థన చేసినా. అందుకే మా నాయన వచ్చేసినాడు” అన్నాను. గొప్పకు అన్నానో, సంతోషం ఆపుకోలేక అన్నానో ఇప్పటికీ చెప్పలేను.

అక్క నా ముఖంలోకి చూసింది. కోపం లేదు. “మా నాయన కోసం గూడా అడిగినావా మే?” అంది.

అడగలేదు. మా ఇంట్లోకి పారిపోయి అవ్వ ఒళ్ళో పడి ఏడ్చాను. నేను అడగనందుకే ఆయన పోయాడా అని అడిగాను.

అవ్వ నా వీపు నిమిరింది. తర్వాత అంది: “నేను ఇద్దరి కోసం అడిగినానమ్మే. ఒక్కడే వచ్చినాడు. ఎందుకో నాకు తెలీదు. దేవుడు మనం చెప్పిన పని చేసిపెట్టే మనిషి కాదు. ఆయన దగ్గర మోకరించి లేచినాక కాళ్ళు ఊరికే ఉండవు, ఏడ్చేవాళ్ళ ఇంటికి తీసకపోతాయి. నాకు తెలిసిన ప్రార్థన బలం అదే. లెయ్, పోదాం పా.”

గంజి కాచి గిన్నెలో పోసుకుని ఆమె బయలుదేరింది. నేను లేవలేదు. సిగ్గు, భయం. రెండు రోజుల తర్వాత శవం దొరికినప్పుడూ అవ్వే వాళ్ళతో ఉంది. నెలంతా వాళ్ళకు నీళ్ళు మోసింది, వాళ్ళమ్మ పక్కన కూర్చుంది. రోజూ వెళ్ళే ముందు నా వైపు ఒకసారి చూసేది, బలవంతపెట్టేది కాదు. నేను మాత్రం బడికి కూడా వేరే దారిన పోయాను.

ఆ తర్వాత వాళ్ళు బోగోలు దగ్గర వాళ్ళ అమ్మమ్మగారి ఊరికి వెళ్ళిపోయారు. సామానుతో బండి కదిలినప్పుడు నేను తలుపు చాటున నిలబడి ఉన్నాను. అక్క మా ఇంటి వైపు చూస్తూనే పోయింది.

పెద్దయ్యాక రెండుసార్లు ఆ ఊరి మలుపు దాకా వెళ్ళి తిరిగి వచ్చేశాను. ఏమని మొదలుపెట్టాలో తోచలేదు. మూడోసారి ఇంటి దాకా వెళ్ళాను. అక్క పోయి ఏడాదైందని ఆమె కూతురు చెప్పింది. ఎవరు మీరు అని అడిగితే, చిన్నప్పుడు పక్కింట్లో ఉండేవాళ్ళమన్నాను. అంతకంటే చెప్పలేకపోయాను.

ఇప్పుడు ఆదివారం ఆరాధనలో ఎవరైనా లేచి, అడిగింది దేవుడు ఇచ్చాడని సాక్ష్యం చెబితే నేనూ సంతోషిస్తాను. కానీ నా కళ్ళు అదే అడిగి దొరకని మనిషి కోసం వెతుకుతాయి. ఎవరో ఒకరు ఉండనే ఉంటారు, తల వంచుకుని. అందరూ లేచి వెళ్ళాక వాళ్ళ పక్కన కూర్చుంటాను. ఏం చెప్పాలో నాకు ఈ వయసులోనూ తెలియదు. వాళ్ళు లేచేదాకా మాత్రం లేవను.