అలర్జీ టేబుల్

శాసనసభకు పోటీ చేసిన మూడుసార్లూ కెనడాలోని విండ్సర్ తెలుగువాళ్లు దమయంతిని మొట్టమొదట అడిగింది బడుల గురించి కాదు, పన్నుల గురించీ కాదు. "అవునండీ, మీ ఇంటిపేరేంటి?" అని. ఎంత ముద్దుగా అడుగుతారో! ముందు ఊరు ఏదంటారు, ఆ ఊళ్లో ఫలానా వాళ్లు తెలుసా అంటారు, చుట్టూ తిరిగి తిరిగి చివరికి ఇంటిపేరు దగ్గరికి వస్తారు. ఇక్కడి కాగితాల్లో ఆవిడ దమయంతి రంగనాథ్. మొగుడి పేరే ఇంటిపేరైపోయింది. ప్రచారం బోర్డుల మీదా అదే పేరు కాబట్టి కులమేదో ఎవరికీ అంతుపట్టేది కాదు. అడిగినవాళ్ల మొహం మీదే నవ్వేసి, "స్కూల్ ట్రస్టీనండీ, అంతే" అని లేచి వచ్చేసేది. కారెక్కాక మాత్రం "ఛీ, సముద్రాలు దాటినా ఈ రోగం వదల్లేదు" అని రంగనాథ్ మీద విసుక్కునేది, పాపం ఆయనేదో అడిగినట్టు.

ట్రస్టీ అంటే ఊళ్లో బడులను నడిపే బోర్డుకు జనం ఎన్నుకున్న సభ్యురాలు. ఆసుపత్రి ల్యాబులో ఉద్యోగం చేస్తూనే పదేళ్ల కిందట దమయంతి ఆ పదవికి గెలిచింది. జీతం పేరుకే, తిట్లు మాత్రం కడుపునిండా. ఆవిడ వార్డులో ఒక బడి ఉంది. గదులు చాలక ఆటస్థలంలో పోర్టబుళ్లు దించారు, అంటే చక్రాల మీద తెచ్చిపెట్టే రేకు గదులు. రెండేళ్ల కోసమని తెచ్చినవి అక్కడే పాతుకుపోయాయి. జనవరిలో ఒంటేలుకు వెళ్లాలంటే ఐదేళ్ల పిల్లలు కోటూ బూట్లూ టోపీ తొడుక్కుని, మంచులో నడిచి, అసలు భవనంలోకి పోవాలి. కొందరికి దారిలోనే అయిపోతుంది. ఏడుస్తూ తిరిగొస్తారు. కొత్త భవనానికి డబ్బిచ్చేది ప్రావిన్స్, అంటే ఇక్కడి రాష్ట్ర ప్రభుత్వం. బోర్డు ఏటా అడుగుతుంది, వాళ్లు ఏటా చూద్దామంటారు. ఇచ్చేవాళ్ల మధ్య కూర్చుంటే తప్ప ఆ రేకు గదులు కదలవని దమయంతికి అర్థమైంది. పోటీ చేసింది అందుకే.

మొదటిసారి ఎటూ గెలవని పార్టీ తరఫున నిలబడి ఓడిపోయింది. రెండోసారి కాస్త బలమున్న పార్టీలో చేరి కొద్దిలో ఓడింది. తెలుగువాళ్లు ప్రతి ఇంటా భోజనం పెట్టారు. ఓటు మాటెత్తితే "మీకు కాకపోతే ఇంకెవరికి వేస్తామండీ" అన్నారు. అదే సోఫాలో అవతలి అభ్యర్థినీ కూర్చోబెట్టి అదే మాట అన్నారని తరవాత తెలిసింది. ఒకాయన మాత్రం నిజాయితీగా, "మీరు ఎవరో తేలకుండా మావాళ్లకు ఏమని చెప్పమంటారు?" అని అడిగాడు. ఆ నిజాయితీకే దమయంతికి ఎక్కువ రోత పుట్టింది.

మూడోసారి కాలం కలిసొచ్చింది. ఆ నియోజకవర్గం సభ్యుడు రిటైరవుతున్నాడు. పార్టీ నామినేషన్, అంటే పార్టీ టికెట్, ఎవరికొస్తే సీటు వాళ్లదే అన్నట్టుంది. నామినేషన్ తేల్చేది పార్టీ సభ్యుల ఓటు. ఇళ్లు అమ్మిపెట్టే కోదండరామ్ తనంతట తాను వచ్చాడు. "అక్కా, మీరు నిశ్చింతగా ఉండండి" అని, తన బేస్‌మెంట్లలో అద్దెకుంటున్న స్టూడెంట్లనూ, వాళ్ల స్నేహితులనూ వందల్లో సభ్యులుగా చేర్పించాడు. ఎందుకింత ప్రేమ అని దమయంతి అడగలేదు. పనిమంతురాలని నమ్మాడేమో అనుకుంది.

నామినేషన్‌కు పది రోజులుందనగా, కప్పు కారుతోందంటే చూడ్డానికి ప్రిన్సిపల్‌తో కలిసి ఒక పోర్టబుల్‌లోకి వెళ్లింది. ఐదో తరగతి, మధ్యాహ్నం తిండి వేళ. పిల్లలంతా గుంపులుగా కూర్చుని తింటున్నారు. ఒక్క పాప మాత్రం గోడ పక్కన విడిగా చిన్న టేబుల్ దగ్గర కూర్చుని పులిహోర తింటోంది. పేరు చరిత. వాళ్లమ్మ స్వీటీ వృద్ధాశ్రమంలో పనిచేస్తుందని దమయంతికి తెలుసు. టేబుల్ మీద రంగు కాగితంతో "అలర్జీ టేబుల్" అని అంటించి ఉంది.

ఏం అలర్జీ అని అడిగితే టీచరమ్మ ఉత్సాహంగా చెప్పింది. అలర్జీ ఈ పాపకు కాదట. దీక్షిత్‌కూ, ఇంకో ముగ్గురు తెలుగు పిల్లలకూనట. ఈ అమ్మాయి తిండి దగ్గరుంటే తాము తినకూడదని వాళ్లే వచ్చి చెప్పారట. అందుకే విడిగా కూర్చోబెట్టి, తినడం అయ్యాక టేబుల్‌ను టీచరమ్మే మందు తడిపిన కాగితంతో తుడుస్తోందట.

దీక్షిత్ కోదండరామ్ కొడుకు. దమయంతి వాణ్ణి బయటికి, మెట్ల మీదికి పిలిచి, "నీకేం పడదురా నాన్నా?" అని తెలుగులో అడిగింది.

"ఇట్స్ నాట్ రియల్లీ అలర్జీ, ఆంటీ" అన్నాడు వాడు, రహస్యమేమీ కానట్టు. "అమ్మమ్మ ఆస్క్‌డ్ హర్ లాస్ట్ నేమ్ ఆన్ వీడియో కాల్. వి జస్ట్ డోంట్ ఈట్ విత్ దెమ్."

దమయంతి వాణ్ణి లోపలికి పంపేసింది. రైలింగు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. అంటరానితనానికి కెనడా బడిలో ఒక టేబులూ, దాని మీద రంగు కాగితమూ! అంటించింది మంచి మనసున్న తెల్ల టీచరమ్మ!

ఇంటికొచ్చి రంగనాథ్‌కు చెప్పింది. ఆయన నెమ్మదిగా, "బోర్డులో చెప్పు, వద్దనను. నామినేషన్ అయ్యాక చెప్పరాదూ? గెలిస్తే ఆ పోర్టబుళ్లే లేకుండా చెయ్యొచ్చు కదా" అన్నాడు.

"అప్పటిదాకా ఆ పిల్ల గోడ పక్కన తినాలా?" అంది దమయంతి.

మర్నాడు కోదండరామ్ వచ్చాడు. మెట్ల మీది సంగతి దీక్షిత్ నోట అప్పటికే చేరిపోయింది.

"చిన్నపిల్లలక్కా, ఏదో అంటారు. మనం మనం కూర్చుని మాట్లాడుకుంటే పోయేది. తెల్లవాళ్ల ముందు పెట్టి మన పరువు మనమే తీసుకుంటామా?"

"మనం అంటే ఎవరు?"

"భలేవారే! మీరు చెప్పకపోతే మాకు తెలీదనుకున్నారా? మీ పెదనాన్నగారి ఊరికి ఫోన్ చేసి కనుక్కున్నాం. మీరు మనవాళ్లే. లేకపోతే ఇంతమందిని మీ కోసం జాయిన్ చేయిస్తానా?"

అతను చెప్పింది నిజం. దమయంతిది అతని కులమే. నోరు విప్పకపోతే చాలు, కులం వదిలిపోతుందని ఇన్నేళ్లూ అనుకుంది. అది ఆవిడకు తెలియకుండానే ఆవిడ కోసం ఓట్లు పోగేస్తోంది. తన మీద తనకే అసహ్యం వేసింది.

"బోర్డులో చెబుతాను" అంది.

కోదండరామ్ కోప్పడలేదు. గుమ్మం దగ్గర షూస్ వేసుకుంటూ, "నామినేషన్ రోజు మా కుర్రాళ్లకు షిఫ్టులు పడేట్టున్నాయక్కా" అని మర్యాదగా చెప్పి వెళ్లిపోయాడు.

బోర్డు సమావేశంలో దమయంతి అంతా చెప్పింది. పిల్లల పేర్లెత్తలేదు కానీ బడి చెప్పింది, తరగతి చెప్పింది. కులమంటే ఏమిటో, కలిసి తినకపోవడమంటే ఏమిటో అరగంట సేపు వివరించింది. విలేకరులు రాసుకున్నారు. టీచరమ్మ ఏడ్చి క్షమాపణ చెప్పింది. టేబుల్ తీసేశారు. తెలుగు వాట్సాప్ గ్రూపులన్నీ అట్టుడికాయి. ఆ తరగతిలో ఉన్న తెలుగు పిల్లలే ఐదుగురు, ఎవరి గురించో పోల్చుకోవడం ఎంతసేపు?

నామినేషన్ రోజు స్టూడెంట్లెవరూ రాలేదు. ఫర్నిచర్ షోరూమ్ యజమాని ఒకాయన గెలిచాడు. పోర్టబుళ్లలో గాలీ వెలుతురూ బాగుంటాయని ఉపన్యాసంలో చెప్పిన మహానుభావుడు! తెలుగువాళ్లు వరసకట్టి ఆయనతో ఫొటోలు దిగారు. దిగినవాళ్లే దమయంతి దగ్గరికొచ్చి "అయ్యో" అన్నారు. మొహాలు చూడబుద్ధి కాక ఆవిడ బయటికొచ్చేసింది. అంత రోతలోనూ లోపలెక్కడో చిన్న గర్వం ఉంది. సీటు పోయినా ఆ పిల్లకు న్యాయం చేశాననుకుంది. ఆ మాట స్వీటీ నోట వినాలనిపించింది కాబోలు, ఆ వారాంతం వాళ్ల అపార్ట్‌మెంటుకు వెళ్లింది.

హాలు నిండా అట్టపెట్టెలు.

"ఎడ్మంటన్ పోతున్నాం ఆంటీ" అంది స్వీటీ, కుర్చీ మీది బట్టలు తీసి చోటిస్తూ. "మా ఆయన అక్కడ పని చూసుకున్నాడు."

"అంత దూరం ఎందుకమ్మా? టేబుల్ తీయించేశానుగా!"

"తీయించారు." స్వీటీ గొంతు పెంచలేదు. "నన్నొక్క మాట అడిగి ఉండాల్సింది ఆంటీ. బోర్డంతటికీ చెప్పారు, పేపర్‌కి చెప్పారు. నాకు మాత్రం ఫోన్ చెయ్యలేదు."

నిజమే. ఒక్కసారి కూడా చెయ్యలేదు. దమయంతికి ఆ ఆలోచనే రాలేదు.

"మీరు ఇంటిపేరు చెప్పకపోతే పెద్ద మనసంటారు. మేం చెప్పకపోతే దాచారంటారు. మా చరితకు మేమెవరమో ఎప్పుడూ చెప్పలేదు. ఆ టేబుల్ సంగతి అడిగితే వాళ్లకు అలర్జీ అనే చెప్పా. అది నమ్మింది కూడా. మీరు మీటింగ్‌లో మాట్లాడాక క్లాసంతటికీ తెలిసింది. దానికీ తెలిసింది."

దమయంతికి తను పోగొట్టుకున్న సీటు మాట నోటిదాకా వచ్చింది. అది ఎంత సిగ్గులేని మాటో తెలిసి మింగేసింది.

స్వీటీకి కోపముంది కానీ ఇంటికొచ్చినవాళ్లను ఊరికే పంపడం చేతకాలేదు. వంటింట్లోకి వెళ్లి ప్లేటులో ఉప్మా పెట్టి తెచ్చింది. దమయంతి చెయ్యి చాచింది. పక్కగది గుమ్మంలో చరిత నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలీదు. ఆ ప్లేటు వైపూ, దమయంతి వైపూ చూసి, పెద్దవాళ్లను ఇబ్బంది పెట్టకూడదన్నంత మర్యాదగా చెప్పింది.

"ఇట్స్ ఓకే, ఆంటీ. యూ డోంట్ హావ్ టు ఈట్ ఇట్."